హైదరాబాదు రైలు నేల క్రిందికి ఎందుకు దిగలేదు?

తెలుగునాట సొరంగం కథ లేని కోట వున్నట్లు నేను వినలేదు. ఓరుగల్లు కోట నుండి వేయిస్తంభాల గుడికి సొరంగం వున్నదని వరంగల్లులో బడిపిల్లవాడు కూడా చెబుతాడు. గోలకొండ నుండి చార్మినారు దాకా నేల క్రింద దారి వున్నదని హైదరాబాదు వాసులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఈ కథల్లో నిజం పాలు ఎంత అన్నది పురావస్తు పరిశోధకులు తేల్చవలసిన విషయం. సాహిత్య విద్యార్థికి మాత్రం వీటిలో మరొక సంగతి కనిపిస్తుంది. ఈ సొరంగాలన్నీ రాజులవి. శత్రువు కోటగోడ ఎక్కినప్పుడు రాజూ, రాణివాసమూ, ధనపు పెట్టెలూ తప్పించుకు పోవడానికి అవి పుట్టాయి. అంగడికీ పనికీ పోయే సామాన్యులు రోజూ నడవడానికి నేల క్రింద దారి తవ్వించిన ప్రభువును మన కథకుడు ఊహించనైనా లేదు. అది అతని లోపం కాదు. వేలాది మంది ఒకే వేళకు ఒకే దిక్కుకు పనికి పోవలసిన నగరం పుడితే గాని అటువంటి దారి అవసరం పుట్టదు. ఆ నగరాన్ని పుట్టించింది యంత్రయుగం.

ఇక్కడ పరిశీలించదలచినది హైదరాబాదు నగర రైలు చరిత్ర. 2017 నవంబరు 28న ప్రారంభోత్సవం జరుపుకొని, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాల మీద 69 కిలోమీటర్లకు పెరిగిన ఈ మెట్రో రైలు ఒక్క గజమైనా నేల క్రిందికి దిగలేదు. నగరమంతా స్తంభాల మీద నడుస్తుంది. చిరునామా అడిగితే జనం ఇప్పుడు ‘మెట్రో పిల్లర్ నంబరు’ చెబుతున్నారు. నేల క్రింద ఎందుకు వేయలేదని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. దక్కను పీఠభూమి నల్లరాయి మీద వున్నది, తవ్వడం కష్టం అన్నది మొదటిది. వంతెన మీది రైలు కంటె భూగర్భ రైలుకు రెండింతలో, మూడింతలో ఖర్చవుతుంది అన్నది రెండవది. రెండూ అబద్ధాలు కావు. కాని రెండూ అసలు కారణాన్ని వెనకకు నెట్టే సమాధానాలే. రైలు నేల మీద నడవాలా, క్రింద నడవాలా అన్నది రాయి తేల్చే విషయం కాదు. డబ్బు ఎవరు పెడతారు, లాభం ఎవరికి పూచీ పడతారు, ఎవరి వీధిని వీధిగా లెక్కిస్తారు అన్న ప్రశ్నలు దానిని తేలుస్తాయి. హైదరాబాదులో ఆ ప్రశ్నలు 2010లో పుట్టలేదు. 1883లోనే పుట్టాయి.

ముందు ఇతర నగరాల అనుభవం కొంత చూడాలి.

భూగర్భ రైలుకు పుట్టినిల్లు లండను. 1863 జనవరి 10న పాడింగ్టన్ నుండి ఫారింగ్డన్ వరకు సుమారు 6 కిలోమీటర్ల దారిలో మొదటి రైలు నడిచింది. ఆ రోజు దాదాపు 38,000 మంది ఎక్కారు. విద్యుత్తు లేదు. బొగ్గు మండించే ఆవిరి యంత్రమే ఆ సొరంగంలో పొగ గ్రక్కుతూ పోయేది. నిర్మాణ విధానం మోటుది: వీధిని నిలువునా తవ్వి, రెండు ప్రక్కల గోడలు లేపి, పైన ఇటుకల కమాను కప్పి, దాని మీద మళ్ళీ వీధి పరిచారు. ఈ ఆలోచనను ఏళ్ళ తరబడి ప్రచారం చేసినవాడు చార్లెస్ పియర్సన్ అనే న్యాయవాది. ఇరుకు గదుల్లో క్రిక్కిరిసి బ్రతికే కార్మికులు ఊరి వెలుపల గాలీ వెలుతురూ గల ఇళ్ళలో వుంటూ, చవక టిక్కెట్టుతో పనికి వచ్చిపోవాలని అతని ఆశయం. అతడు 1862లోనే చనిపోయాడు, రైలు చూడలేదు. ప్రైవేటు కంపెనీకి డబ్బు చాలక పని ఆగిపోయే స్థితిలో సిటీ కార్పొరేషను 2 లక్షల పౌనుల వాటాలు కొని ఆదుకొన్నది. అంటే మొదటి భూగర్భ రైలు కూడా ప్రజల సొమ్ము లేకుండా పూర్తి కాలేదు. పూర్తి చేయడానికి పడగొట్టినవి ఎవరి ఇళ్ళు? ఫారింగ్డన్ లోయలోని పేదల ఇళ్ళు. కార్మికుల కొరకని తలపెట్టిన రైలు మొదట కార్మికులనే నిలువ నీడ లేకుండా చేసింది. 1864లో తెల్లవారుజాము బండ్లలో రానుపోను మూడు పెన్నీల చార్జీ పెట్టడం దానికి కొంత ప్రాయశ్చిత్తం.

1890లో విద్యుత్తుతో నడిచే రైలు లోతైన గొట్టం వంటి సొరంగంలోకి దిగిన తరువాత పరిస్థితి మారింది. ఇళ్ళు కూల్చకుండా వీధుల క్రిందనే దారి తీయడం సాధ్యమయింది. ఒక్కొక్క దారికి ఒక్కొక్క కంపెనీ, ఒక్కొక్క టిక్కెట్టు అన్న గందరగోళం మరి నలభై ఏళ్ళు సాగి, చివరకు 1933లో అన్నీ ఒక ప్రభుత్వ బోర్డు క్రిందికి వచ్చాయి. ఏడేళ్ళకు ఆ సొరంగాలకు మరొక పని పడింది. 1940 సెప్టెంబరులో నాజీ విమానాలు లండను మీద బాంబులు కురిపిస్తుంటే, స్టేషన్లలో తలదాచుకోవడానికి వీలు లేదని ప్రభుత్వం మొదట ఆంక్ష పెట్టింది. జనం వాదించలేదు. చవక టిక్కెట్టు కొని, దుప్పట్లతో పిల్లలతో లోపలికి దిగి, పైకి రాలేదు. కొద్ది రోజుల్లో ప్రభుత్వమే ఆంక్ష సడలించి మంచాలు వేయవలసి వచ్చింది. నేల క్రింది దారి ఎవరిది అన్న ప్రశ్నకు లండను పేదలు చెప్పిన జవాబు అది.

మాస్కోలో 1935 మే 15న 13 స్టేషన్లతో సుమారు 11 కిలోమీటర్ల భూగర్భ రైలు నడిచింది. యువజనులు వేలాదిగా పలుగూ పారా పట్టారు. రాజభవనాలలో వుండవలసిన చలువరాయి కూలివాడు రైలు కోసం నిలబడే చోట పరచడం ఒక కొత్త విలువను ప్రకటించింది. మన పాతతరం అభ్యుదయ రచయితలు దానిని చూసి పరవశించడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ చలువరాతి స్టేషను నుండి పైకి వచ్చిన కూలివాడు ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం కాపురం చేసే ఇరుకు ఇంటికే పోయేవాడన్న సంగతి కూడా అదే చరిత్రలో భాగం. దానిని దాచి రాసేది చరిత్ర కాదు.

మన దేశంలో మొదటిది కలకత్తా. 1972 డిసెంబరు 29న శంకుస్థాపన జరిగింది. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుండి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్లు నడిచింది. పన్నెండేళ్ళకు మూడున్నర కిలోమీటర్లైనా లేదు! మెత్తని బంకమట్టి, ఊరే నీరు, తవ్విన వీధుల్లో బురద, మధ్య మధ్య డబ్బు అందక ఆగిన పని: కలకత్తా పౌరుడు పడిన అవస్థ తక్కువది కాదు. దమ్‌దమ్ నుండి టాలీగంజ్ దాకా మొత్తం దారి 1995లో గాని పూర్తి కాలేదు. అయినా అక్కడ ‘ఎప్పుడు?’ అని విసుక్కున్నారే గాని, ‘కంపెనీకి గిట్టుబాటు అవుతుందా?’ అన్న ప్రశ్న తలెత్తలేదు. ఎందుకంటే కంపెనీ లేదు. పెట్టుబడి రైల్వే శాఖది, అంటే దేశానిది. 2024 మార్చిలో అదే నగరంలో రైలు హుగ్లీ నది క్రిందుగా దాటింది. ఆ మార్గం తవ్వుతుండగా 2019లో బౌబజారులో పాత ఇళ్ళు కూలి వందలాది మంది ఇళ్ళు విడిచిపోవలసి వచ్చిన సంగతిని కూడా చెప్పుకోవాలి. నేల క్రింద దారి అంటే పైవారికి ఏ బాధా లేని దారి అనుకోరాదు.

ఇక మన వైపు వద్దాం.

నిజాం రాజ్యానికి రైలు రావడం ప్రజల అవసరం కొద్దీ జరిగినది కాదు. బొంబాయి–మద్రాసు దారిలోని వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో వేసిన మార్గానికి ముఖ్య ప్రేరణ సికింద్రాబాదు కంటోన్మెంటు. దారి ఆంగ్లేయుల సైనికావసరానికి, డబ్బు మాత్రం నిజాముది. ఆ తరువాత దానిని తూర్పున బెజవాడ వైపు, ఉత్తరాన చాందా వైపు పొడిగించే పథకం వచ్చింది. 1883లో లండనులో నమోదైన కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఆ కంపెనీ పేరులోనే దాని స్వభావం వున్నది: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఏమిటా గ్యారంటీ? కంపెనీ పెట్టుబడి మీద ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్ళపాటు రాబడికి నిజాం ఖజానా పూచీ. రైలు ఎక్కేవాళ్ళున్నా లేకపోయినా లండను వాటాదారుని వడ్డీ ఆగదు. లోటు పడితే పూడ్చవలసినది ఖజానా. ఖజానా నింపేది ఎవరు? శిస్తు కట్టే తెలంగాణ, మరాట్వాడా రైతు.

ఈ ఒప్పందాన్ని ప్రశ్నించినవారు లేకపోలేదు. హైదరాబాదు కళాశాల ప్రధానాచార్యుడు అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మరి కొందరు విద్యావంతులు కూడి, పథకం షరతులను ప్రజల ముందు పెట్టండి, చర్చించిన తరువాతనే ఒప్పుకోండి అని కోరారు. వారు రైలు వద్దనలేదు. కాగితాలు చూపించమన్నారు. దానికి ప్రతిఫలంగా 1883 మే నెలలో అఘోరనాథుణ్ణి రాజ్యం నుండి వెళ్ళగొట్టారు. సరోజినీ దేవి తండ్రిగా మాత్రమే మన పాఠ్యపుస్తకాలు ఆయనను గుర్తు పెట్టుకొన్నాయి. హైదరాబాదు రాజ్యంలో ఆధునిక అర్థంలో మొదటి ప్రజాందోళన అని చరిత్రకారులు చెప్పే ‘చాందా రైల్వే ఆందోళన’ ఇదే. మన రాజకీయ చైతన్యం ఒక రైలు ఒప్పందం దగ్గర కన్ను తెరిచిందన్న మాట.

రైలు 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. సింగరేణి బొగ్గు బయటకు పోవడానికి దారి ఏర్పడింది. మంచీ జరిగింది. తీరాంధ్రకూ తెలంగాణకూ రాకపోకలు పెరిగాయి, పత్రికలూ పుస్తకాలూ ఆ పెట్టెల్లోనే వచ్చాయి. సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లోనూ, హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనూ నెలకొన్న కాలానికి ఈ రైలు దారి ఎంత తోడ్పడినదో గ్రంథాలయోద్యమ చరిత్ర రాసేవారు ప్రత్యేకంగా పరిశీలించాలి. ఎవరి లాభానికి వేసిన పట్టా అయినా దాని మీద ఏమి ప్రయాణం చేస్తుందో వేసినవాడు పూర్తిగా శాసించలేడు.

1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం ఆ రైల్వేను కంపెనీ నుండి కొనివేసింది. ఏళ్ళ తరబడి తన పూచీతో, తన డబ్బుతో బ్రతికిన దారిని మళ్ళీ తన డబ్బుతోనే కొనుక్కోవడం విచిత్రంగా తోచవచ్చు గాని, ఫలితం మంచిదే. 1932లో ఆ రైల్వే శాఖే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం ప్రారంభించింది. రైలూ బస్సూ ఒకే ప్రభుత్వ శాఖ క్రింద, ఒకదానికొకటి పోటీ కాకుండా నడవాలన్న ఆలోచన అందులో వున్నది. లండను ప్రభుత్వ బోర్డు ఏర్పడినది ఆ మరుసటి ఏడాదే అని గుర్తుంచుకొంటే, హైదరాబాదు ఈ విషయంలో వెనుకబడి లేదని తెలుస్తుంది. ఆ తరువాత రైలు కేంద్రానికి, బస్సు రాష్ట్రానికి పోయి ఆ జత విడిపోయింది. మళ్ళీ కలిపే ప్రయత్నం ఒక్కటే జరిగింది. 2003 ఆగస్టు 9న రాష్ట్ర ప్రభుత్వమూ రైల్వేలూ ఖర్చు పంచుకొని, పాత నిజాం పట్టాల మీదనే ఎం. ఎం. టి. ఎస్. అనే లోకల్ రైళ్ళు నడిపాయి. ఫలక్‌నుమా పేదవాడు లింగంపల్లి పనికి కొద్ది రూపాయలతో పోగలిగాడు. దానికి అద్దాల స్టేషన్లు లేవు, చల్లని గాలి లేదు, వేళకు బండీ వుండదు. తరువాతి ప్రభుత్వాలేవీ దానిని పట్టించుకొన్న పాపాన పోలేదు. ఏలినవారి చూపు అప్పటికే మెట్రో మీదికి మళ్ళింది.

మెట్రో కథను పాఠకులు 1883 ప్రక్కన పెట్టి చదవాలని మనవి. ఢిల్లీలో కేంద్రమూ రాష్ట్రమూ చెరిసగం వాటాతో ప్రభుత్వ సంస్థ ఏర్పరచి మెట్రో కట్టించాయి. హైదరాబాదులో మాత్రం ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమన్నారు. ప్రపంచంలో ఈ పద్ధతి మెట్రోలలో పెద్దది ఇదే అని గొప్పగా ప్రచారం చేసుకొన్నారు. 2008లో మేటాస్ బృందం పాట పాడింది. ప్రభుత్వం మాకేమీ ఇవ్వనక్కరలేదు, మేమే ప్రభుత్వానికి ఏళ్ళ తరబడి మొత్తం 30,311 కోట్ల రూపాయలు ఇస్తాము అన్నది. టిక్కెట్టు డబ్బుతో ఏ దేశంలోనూ మెట్రో పెట్టుబడి తిరిగి రాదని తెలిసినవారందరూ ముక్కున వేలు వేసుకొన్నారు. ఢిల్లీ మెట్రో నిర్మాత శ్రీధరన్ ఆ సెప్టెంబరులో ప్రణాళికా సంఘానికి రాసిన లేఖలో, ఈ పాట వెనుక వున్నది రైలు కాదు, దానితో వచ్చే భూమి అన్న అనుమానం వెల్లడించాడు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద ఆగ్రహించింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. జూలైలో మేటాస్ ఒప్పందం రద్దయింది. రెండవ పాటలో 2010 జూలైలో లార్సెన్ అండ్ టుబ్రో 1,458 కోట్ల ప్రభుత్వ సహాయం కోరి గెలిచింది. 2010 సెప్టెంబరు 4న ఒప్పందం: 35 ఏళ్ళ హక్కు, 269 ఎకరాల ప్రభుత్వ భూమి మీద వ్యాపార నిర్మాణాల అవకాశం.

ఒకే పథకానికి ఒకరు ముప్పై వేల కోట్లు ఇస్తామంటారు, రెండేళ్ళకు మరొకరు పధ్నాలుగు వందల కోట్లు అడుగుతారు. లెక్కలు తెలిసిన చిన్న వర్తకుడు కూడా ఈ రెండింటి నడుమ వున్న అగాధాన్ని చూసి ఆగి ఆలోచిస్తాడు.

నేల క్రింది దారి అన్న మాటకు తలుపు మూసింది ఇక్కడే. ఎవరు తక్కువ అడిగితే వారికి పని అన్నప్పుడు, రెండు మూడింతలు ఖర్చయ్యే భూగర్భ మార్గం పాటలో నిలవదు. ఇంజనీర్లు నేలను పరీక్షించి చేసిన నిర్ణయం కాదది. ఒప్పందపు పద్ధతి ముందే చేసి పెట్టిన నిర్ణయం. రాయి మాట తరువాత తోడయింది. రాయి అడ్డమయ్యేదే అయితే బెంగుళూరులో అడ్డం కావాలి. ఆ నగరమూ నల్లరాయి మీదనే వున్నది. అక్కడ ఉత్తర దక్షిణ మార్గంలో సొరంగం తొలిచిన యంత్రాలకు కృష్ణ, గోదావరి అని మన నదుల పేర్లు పెట్టారు. రాయిలో అవి చిక్కుకొన్నాయి, పళ్ళు అరిగాయి, నెలల తరబడి మొరాయించాయి. అయినా 2017 జూన్ నాటికి కృష్ణరాజేంద్ర మార్కెట్టు, చిక్కపేట వంటి శతాబ్దాల నాటి అంగడి వీధుల క్రింద రైలు నడిచింది. పైన చీరల దుకాణాలు అట్లాగే వున్నాయి. ఢిల్లీలో 2005 జూలైలో చావ్‌డీ బజారు క్రింద దాదాపు 25 మీటర్ల లోతున స్టేషను తెరిచారు. 2017 మేలో జామా మసీదు, ఎర్రకోట పేర్లతో భూగర్భ స్టేషన్లు వచ్చాయి. ఖర్చు తక్కువ కాలేదు. ఆ ఖర్చును ప్రభుత్వం భరించదలచింది, అంతే తేడా.

హైదరాబాదులో సుల్తాన్ బజారు, బడీ చౌడీ వర్తకులు ఇదే కోరారు. ఒకనాటి రెసిడెన్సీ బజారు అది. ఇరుకు వీధి, గాజులు, చీరలు, పాత్రలు, ప్రక్కనే కోఠీలో పాత పుస్తకాలు. తెలుగు ఎం. ఏ. చదివిన మా తరం వాళ్ళలో కోఠీ బాటప్రక్కన సగం గ్రంథాలయం కూర్చుకోనివారు అరుదు. ఆ వర్తకులు ఏళ్ళ తరబడి దుకాణాలు మూసి నిరసన తెలిపారు. ఉద్యమ కాలంలో నాయకులు వారి ప్రక్కన నిలబడ్డారు. 2014లో కొత్త రాష్ట్రం, కొత్త ప్రభుత్వం వచ్చి, శాసనసభ ముందర, సుల్తాన్ బజారులో, పాతబస్తీలో దారి మార్చాలని కంపెనీని కోరిన మాట నిజం. కాని ఒప్పందంలో లేని మార్పుకు అదనపు ఖర్చు ఎవరిది? ఆ ప్రశ్న దగ్గర కొత్త ప్రభుత్వమూ ఆగిపోయింది. శాసనసభ దగ్గరా, సుల్తాన్ బజారులోనూ చివరకు లేచినవి స్తంభాలే. 2020 ఫిబ్రవరి 7న ఆ వీధి మీదుగా రైలు పోయింది. వేలాది మందికి అది సదుపాయమే. జూబ్లీ బస్ స్టేషను నుండి ఇమ్లీబన్ బస్ స్టేషనుకు ఎండలో బస్సుల్లో నలిగినవారికి ఈ సుఖం తెలుసు. వరంగల్లు నుండి సికింద్రాబాదులో దిగే నా వంటివారికీ తెలుసు. రైలును నిందించడం నా ఉద్దేశం కాదు. అఘోరనాథుడు కూడా రైలును నిందించలేదు.

ఇక రాబడి సంగతి. రోజుకు 15 లక్షల మంది ఎక్కుతారన్నది మొదటి అంచనా. నడిచిన తరువాత, 2024 నాటికి కూడా ఎక్కినవారు అయిదు లక్షల లోపే. కోవిడ్ దెబ్బ కొంత వున్నది. అంచనాలోనే దోషం చాలా వున్నది. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం ఇచ్చినప్పుడు, దానివల్ల మాకు ప్రయాణీకులు తగ్గుతున్నారని కంపెనీ అధికారులు బాహాటంగా అన్నారు. కూలికి పోయే స్త్రీకి దక్కిన సదుపాయం ఒక ఖాతా పుస్తకంలో నష్టంగా నమోదయింది! 1932లో ఒకే శాఖ క్రింద వున్న రైలూ బస్సూ తొంభై ఏళ్ళకు ఇట్లా ఎదురెదురుగా నిలబడ్డాయి. 2025 మే నెలలో గరిష్ఠ చార్జీని 60 రూపాయల నుండి 75కు, కనిష్ఠ చార్జీని 10 నుండి 12కు పెంచారు. జనం గొడవ చేయగా వారం తిరగకుండానే 10 శాతం తగ్గించారు. ఆ సెప్టెంబరులో కంపెనీ తప్పుకొనేందుకు, రాష్ట్ర ప్రభుత్వం సుమారు 13,000 కోట్ల అప్పును తన మీద వేసుకొని, వాటా క్రింద సుమారు 2,000 కోట్లు చెల్లించేందుకు సూత్రప్రాయంగా అంగీకారం కుదిరినట్లు ప్రకటన వెలువడింది. 1930 ఏప్రిల్ మొదటి తేదీ పాఠకులకు గుర్తుండే వుంటుంది. తేడా ఒక్కటే: ఈసారి కంపెనీ పేరులో ‘గ్యారంటీ’ అన్న మాట లేదు.

చివరకు ప్రభుత్వమే భరించవలసిన భారమయితే, ఆ భారాన్ని మొదటే భరించి దారిని తనకు నచ్చినట్లు వేసుకొని వుండవచ్చు గదా అన్నది సహజమైన ప్రశ్న. అట్లా భరించిన ఢిల్లీకి అప్పు లేదని కాదు. జపాను నుండి తెచ్చిన అప్పు చాలా వున్నది. కాని అక్కడ దారి ఎటు పోవాలో నిర్ణయించే అధికారం అప్పుతో పాటు ప్రభుత్వం దగ్గరే వున్నది.

ఇన్నాళ్ళకు ‘భూగర్భం’ అన్న మాట హైదరాబాదు పథకాల్లో అసలే లేదా? వున్నది. 2022 డిసెంబరు 9న 6,250 కోట్లతో రాయదుర్గం నుండి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేసినప్పుడు, అందులో సుమారు రెండున్నర కిలోమీటర్లు భూగర్భంలో అన్నారు. ఎక్కడ? విమానాశ్రయం దగ్గర. ప్రభుత్వం మారి, ఆ పథకం ప్రక్కకు పోయి, 2024 నవంబరులో 76.4 కిలోమీటర్ల రెండవ దశకు 24,269 కోట్ల అంచనాతో ఆమోదం తెలిపినప్పుడు, నాగోలు–శంషాబాదు మార్గంలో సుమారు 1.6 కిలోమీటర్లు నేల క్రింద అన్నారు. అదీ విమానాశ్రయం దగ్గరే. శంషాబాదు నేలలోనూ వున్నది దక్కను రాయే.

పాతబస్తీ మాట మిగిలింది. 2010 ఒప్పందంలో ఇమ్లీబన్ నుండి ఫలక్‌నుమాకు అయిదున్నర కిలోమీటర్ల దారి వున్నది. మిగిలినదంతా నడిచిన తరువాత కూడా ఆ ముక్క ఒక్కటే కట్టలేదు. దారి పొడుగునా మసీదులు, ఆషుర్‌ఖానాలు, గుళ్ళు వున్నాయని ఒకరు, స్థానిక నాయకులు ఒప్పుకోలేదని మరొకరు కారణాలు చెప్పారు. ఢిల్లీ వలె అడుగున పోతే ఈ తగాదాలో సగం లేకపోవును. 2024 మార్చి 8న ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించి మళ్ళీ శంకుస్థాపన చేశారు. అదీ స్తంభాల మీదనే. దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా పోయే రహదారిని 100 అడుగులకు వెడల్పు చేయాలి. సుమారు 1,100 ఆస్తులు పూర్తిగానో, కొంతగానో పోతాయి. చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం అన్న పేర్లతో వచ్చే స్టేషన్లు ఆ కట్టడాలకు దాదాపు అర కిలోమీటరు దూరంలో వుంటాయట. 2025 జనవరి నుండి గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారపు చెక్కులు పంచడం, ఇళ్ళ ముందు భాగాలు పడగొట్టడం మొదలయింది. గజం ధర వీధిలో స్థలం వున్నవానికి లెక్క కుదురుతుంది. ఆ స్థలంలో మూడు తరాలుగా అద్దెకు కూర్చొని అత్తరు అమ్మేవానికి, గోడ నీడన బండి పెట్టి బత్తాయిలు అమ్మేవానికి ఎన్ని గజాలని కొలవాలో ఆ లెక్కలో దొరకడం కష్టం.